వెనక్కి తిప్పిన లారీ

లక్ష్ముడు లారీ మీద తిన్న మొదటి దెబ్బ స్పానరు దెబ్బ. చేసిన తప్పల్లా ఏమిటంటే, టైరు మారుస్తూ నట్లు తీసి రోడ్డు పక్క ఇసుకలో పెట్టాడు. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవాడు ఇసుకలో పెట్టక ఇంకెక్కడ పెడతాడు? డ్రైవరు గంగులుకి అంత ఆలోచన ఎక్కడిది! చేతిలో ఉన్న వీల్ స్పానరుతోనే వీపు మీద ఒక్కటిచ్చాడు. లక్ష్ముడు బోర్లా పడ్డాడు. పడి లేచి, నట్లు ఏరి, లుంగీతో తుడిచి, గంగులు చేతికిచ్చాడు. కన్నీటి చుక్క రాలలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం విజయనగరం పొలిమేరలో గంగులు వాడిని హారన్ మీద చెయ్యి వెయ్యనిచ్చాడు. ఆ మోతకి ఎడ్లబండి ఒకటి దారి తప్పుకుంది. అంతే, వీపు నొప్పి గీపు నొప్పి అన్నీ మరిచిపోయాడు. అదీ వాడి పిచ్చి.

భోగాపురం నుంచి సముద్రం వైపు నడిస్తే వచ్చే జాలర్ల పేట వాడిది. తండ్రి వాడి చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడు. తల్లి కూర్మమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కలకత్తా రోడ్డు దాకా నడిచి, అక్కడ లారీ పట్టుకుని విజయనగరం పోయి అమ్ముకొచ్చేది. గంప లారీ మీదికి ఎక్కించడానికి కొడుకుని వెంట తీసుకెళ్ళడమే ఆవిడ చేసిన పొరపాటు. గంప ఎక్కించినవాడు గంపతోపాటు తనూ ఎక్కి కూర్చున్నాడు. గంగులు దగ్గర క్లీనరుగా చేరిపోయాడు. మళ్ళీ తెప్ప ఎక్కితే ఒట్టు. అక్క మొగుడు ఎర్రన్నకి సొంత తెప్ప ఉంది. బావమరిది కోసం అందులో చోటు అట్టే పెట్టాడు. ఎన్నాళ్ళని పెడతాడు పాపం.

"సంద్రం నిన్నేటి సేసిందిరా? మీ అయ్య తిన్నాడు, నాను తిన్నాను, నువ్వూ దాని తిండే తిన్నావు" అని కూర్మమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

"ఏటీ సెయ్లేదే అమ్మా. తెప్ప గాలన్న కాడికి ఎలతాది. లారీ నానన్న కాడికి ఎలతాది."

"నువ్వన్న కాడికా, ఆ గంగులన్న కాడికా? నీ ఈపు సూసుకున్నావేటి?"

గంగులు కొట్టుడు అలాంటిలాంటిది కాదు మరి. నీళ్ళు తేవడం ఆలస్యమైతే జాకీ రాడ్డు, అద్దం సరిగ్గా తుడవకపోతే బూటు కాలు, బండి వెనక్కి వచ్చేటప్పుడు కేక సమయానికి వెయ్యకపోతే ముక్కూ మొహమూ చూడకుండా పిడిగుద్దులు. ఒకసారి శ్రీకాకుళం సంతలో నలుగురి ముందూ జుట్టు పట్టుకుని లాగి, తల తలుపుకేసి బాదాడు. కనుబొమ చీలి నెత్తురు కారింది. అడ్డొచ్చిన కూరగాయల ముసలమ్మని, "నీకెందుకే? నా గురువు నాకిలాగే నేర్పినాడు" అని కసిరి, పై పెదవి ఎత్తి ఊడిన పళ్ళ సందు చూపించాడు. అలాంటి గొప్ప చదువు వాడిది. కాని స్టీరింగు నేర్పలేదని మాత్రం అనకూడదు. ఖాళీ బండి తిరిగొచ్చేటప్పుడు, తిన్నని రోడ్డు మీద, పక్కకి జరిగి కూర్చుని నేర్పాడు. గేరు సరిగా పడక మొరిగితే మోకాలి మీద దెబ్బ, మొరగకపోతే నోట్లో బీడీ.

గంగులు నేర్పిన వాటిల్లో ఒకటి మాత్రం లక్ష్ముడి బుర్రకెక్కలేదు. ఓ టీ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని చెప్పాడు.

"ఒరే, ఇది బాగా ఇను. మడిసిని గుద్దీసినావనుకో, ఆగకు. బ్రేకు మీద కాలెయ్యకు. ఎనక్కి సూడకు. సీదాగా పోలీసు టేసన్లోకి బండి తోలీసి, బాబూ నన్ను లోపలెట్టీండి అని కాళ్ళట్టుకో. ఆగినోడ్ని అక్కడే పాతీస్తారు. నాతో తిరిగినోడొకడు ఆగినాడు. ఆడి కళ్ళు రెండూ పీకీసినారు."

"మరి ఆ పడిపోయినోడో?" అన్నాడు లక్ష్ముడు.

"ఆడి కర్మ ఆడిది."

"అలగైతే ఎలగ గురువా? మా కాడ తెప్ప మీంచి మడిసి జారిపోతే వలొగ్గీసి, సేపలొగ్గీసి తెప్ప తిప్పాల. ఎవుడి తెప్పోడైనా సరే. తిప్పనోడ్ని మరింక ఎవులూ తెప్పెక్కనివ్వరు. పిల్లనివ్వరు. నిప్పు కూడా ఇవ్వరు."

గంగులు చేతిలోని వేడి టీ వాడి మొహాన కొట్టాడు. "ఇది సంద్రం కాదురా ఎదవా, రోడ్డు" అన్నాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం వానలు పడుతుండగా లక్ష్ముడికి లైసెన్సు వచ్చింది. లారీల యజమాని నరసింగరావు విజయనగరంలో పెద్ద షావుకారు. నోటి దురుసు ఎంత ఉన్నా మాట తప్పే మనిషి కాదు. గంగులుని కొత్త బండి మీద దూరపు రూటుకి పంపుతూ, పాత బెంజి లారీకి డ్రైవరు కావాలన్నాడు. "ఈ ట్రిప్పు నువ్వు తోల్రా. గంగులు పక్కన కూర్చుంటాడు. బండికి గీత పడకుండా తెచ్చావా, నీదే అనుకో" అన్నాడు. లక్ష్ముడు ఆ రాత్రి పేటకి వెళ్ళి తల్లికి చెబితే ఆవిడ మొహం మాడ్చుకుంది. ఎర్రన్న మెల్లగానే అడిగాడు. "కొత్త వల కొన్నాను బావా. మనిసి సాలట్లేదు. నువ్వొస్తావో రావో ఇప్పుడు తేల్చీ." లక్ష్ముడు ట్రిప్పు అయ్యాక చెబుతానన్నాడు. ఏం చెప్పదలచుకున్నాడో అందరికీ తెలుసు. తల్లి మొహం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదంతే.

శ్రీకాకుళంలో గోగునార మోపులు కేబిన్ కంటే ఎత్తుగా వేసుకుని బయల్దేరారు. స్టీరింగు లక్ష్ముడి చేతిలో ఉంది. గంగులు పక్కన తలుపుకి జారగిలబడి కునికిపాట్లు పడుతున్నాడు. గురువు నిద్రపోతున్నాడంటే అంతకంటే మెప్పు ఏం కావాలి? లక్ష్ముడికి పాడాలనిపించింది, ఎగరాలనిపించింది. ఎచ్చెర్ల దాటారు. పొద్దుటి వాన వెలిసి మిట్టమధ్యాహ్నం కావొస్తోంది.

సూరయ్య అనే ముసలి రైతు పొద్దుటి దుక్కి ముగించి, నాగలి భుజాన వేసుకుని, ఎడ్లతో రోడ్డు దాటుతున్నాడు. ఎడ్ల పగ్గం మణికట్టుకి చుట్టుకుని ఉన్నాడు. లక్ష్ముడు దూరం నుంచే హారన్ కొట్టాడు. ఒక ఎద్దు దాటేసింది. రెండోది బెదిరి, ముందుకి పోయేది కాస్తా గిరుక్కున వెనక్కి తిరిగింది. బ్రేకు తొక్కాడు. తడి రోడ్డు, పైన అంత బరువు, ఎక్కడ ఆగుతుంది! బంపరు ఎద్దు డొక్కలో దిగింది. ఎద్దు పగ్గాన్ని, పగ్గం ముసలాణ్ణి బండి కిందికి ఈడ్చుకుపోయాయి. వెనక చక్రం దేని మీదో ఎక్కి దిగింది. ఎముక విరిగిన చప్పుడు కేబిన్‌లోకి వినబడింది.

గంగులు దిగ్గున లేచాడు. ఒక్క చూపులో అంతా అర్థమైంది వాడికి. "లాగించు! లాగించ్రా!" అని అరిచాడు. లక్ష్ముడి కాలు చెప్పినట్టే చేసింది. ఇన్నాళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్న కాలు కదా. లారీ ముందుకి ఉరికింది.

పక్క అద్దంలో రోడ్డు వెనక్కి పోతోంది. ఎద్దు నెత్తుటి మడుగులో కాళ్ళు కొట్టుకుంటోంది. దాని పక్కన ముసలాడు. చచ్చాడనుకున్నవాడు తల ఎత్తాడు. తల మాత్రమే. సముద్రంలో మనిషి జారిపోతే తెప్ప మీద వాళ్ళకి కనబడేదీ ఆ తలకాయ ఒక్కటే. అది కనబడుతున్నంతసేపూ తిప్పాలి. వాడికి పాలతోపాటు పట్టిన సంగతి అది.

బ్రేకు తొక్కాడు.

"ఏటి సేస్తన్నావు?"

"తిప్పుతన్నాను."

"సంపీస్తార్రా! ఇద్దర్నీ సంపీస్తారు!" గంగులు సీటు కింది స్పానరు లాగి భుజం మీద కొట్టాడు. లక్ష్ముడు స్టీరింగు వదల్లేదు. రెండోది చెవి మీద పడింది. చెవి చిరిగి మెడ మీదికి నెత్తురు దిగింది. మూడోసారి ఎత్తేసరికి, అన్నేళ్ళు గురువు మీద చెయ్యెత్తనివాడు కాలెత్తాడు. రొమ్ము మీద ఒక్క తన్ను తన్నాడు. తలుపు తెరుచుకుని గంగులు రోడ్డు పక్క బురదలో వెల్లకిలా పడ్డాడు. లేచి, ఒళ్ళంతా బురదతో, "నీ సావు నువ్వు సావరా!" అని తిడుతూ చేలకి అడ్డంపడి పారిపోయాడు.

పక్కన ఎడ్లబండి దారి తగిలిన చోట లారీని ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పాడు. తిరిగి వెళ్ళేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీదుంది. లక్ష్ముడేమో వాళ్ళు తనకోసం ఎదురుచూస్తున్నారనుకున్నాడు. వెర్రివాడు! వాడి పేటలోనైతే తెప్ప తిప్పుకొచ్చినవాడికి ఆడవాళ్ళు నీళ్ళకి అడ్డంపడి ఎదురొస్తారు. ఇక్కడ ఎదురొచ్చింది రాయి. ముందద్దం భళ్ళున పగిలి ఒళ్ళో పడింది.

జుట్టు పట్టుకుని కిందికి లాగారు. "ముసిలోణ్ణి ఎక్కించండి బాబూ, ఆస్పత్రికి ఎలిపోదాం" అంటూనే ఉన్నాడు. ఎవరు వింటారు? ములుగర్రలు, కావిడి బద్దలు, చెప్పులు, ఏది దొరికితే దానితో కొట్టారు. ఒకడు పళ్ళతో కరిచాడు. ఆడవాళ్ళు బురద ఎత్తి కళ్ళలో కొట్టారు. లక్ష్ముడు పాకుతూ వెళ్ళి ఎడమ చేత్తో లారీ మెట్టు పట్టుకున్నాడు. అప్పుడు సూరయ్య కొడుకు జగన్నాధం వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, పొలం నుంచి పరుగెత్తుకొచ్చి రొప్పుతున్నాడు. తండ్రిని చూశాడు, చచ్చిన ఎద్దుని చూశాడు. అక్కడున్న ఎడ్లబండి గుంజ ఊడబెరికి, మెట్టు మీదున్న ఆ చేతి మీద వేశాడు. మళ్ళీ వేశాడు. వేళ్ళు నలిగి, ఎముక బయటికొచ్చింది. లక్ష్ముడి కేక ఊరవతలికి వినబడి ఉంటుంది.

"నార ముట్టించీండ్రా! ఈడ్ని అందులో ఏసీండ్రా!" అని ఎవరో అన్నారు. అన్నదే తడవు, ఇంకెవరో గడ్డి కట్టకి నిప్పంటించుకొచ్చారు. నలుగురు వాడి కాళ్ళూ చేతులూ పట్టుకుని లేపారు కూడా.

ఇంత జరుగుతున్నా ముసలాడి దగ్గర ఉన్నది ఒక్క మనిషి. భార్య జగ్గమ్మ. చీర చెరగు చింపి, మొగుడి తొడ మీద బిగించి కట్టి, రెండు చేతులా నొక్కి పట్టుకుని ఉంది. గుడ్డ తడిసిపోతోంది. ఆవిడ తలెత్తి కొడుకుని చూసి ఒక్క అరుపు అరిచింది.

"ఒరే సచ్చినోడా! ఆడ్ని తగలెట్టీసి బండి నువ్వు తోలతావేట్రా?"

అందరూ ఆగిపోయారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ ఊళ్ళో ఎడ్లని తోలనివాడు లేడు, లారీ తోలేవాడు లేడు. ఎడ్లబండి మీద శ్రీకాకుళం చేరేసరికి ముసలాడి ఒంట్లో చుక్క మిగలదు. ఆ సంగతి అప్పుడు, అప్పుడు తట్టింది ఆ మహానుభావులకి.

"ఒరే, తోలగలవేట్రా?" అంది జగ్గమ్మ లక్ష్ముడితో. దయా లేదు, బతిమాలుకోవడమూ లేదు ఆ గొంతులో.

"ఎక్కించండి" అన్నాడు వాడు.

పై మోపులు కొన్ని తోసేసి, ముసలాణ్ణి మిగతా వాటి మీద పడుకోబెట్టారు. జగ్గమ్మ తొడ నొక్కి పట్టుకుని పక్కనే కూర్చుంది. జగన్నాధం కొడవలి పట్టుకుని పక్క సీట్లోకి ఎక్కి, మొన లక్ష్ముడి మెడకి ఆనించాడు. "తోవ తప్పినావా, కోసీస్తాను." లక్ష్ముడికి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కుడి చేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో మాంసం ముద్దలా పడి ఉంది. గేరు ఎవడు వెయ్యాలి?

"ఆ రాడ్డు ఉన్నాది సూడు. అట్టుకో" అన్నాడు లక్ష్ముడు.

"ఏటీ?"

"గేరురా బాబూ, గేరు! నానన్నప్పుడు ముందుకి నెట్టు."

కొడవలి పట్టుకున్న చేత్తో గేరు పట్టుకోవడం కుదరదు. జగన్నాధం కొడవలి కాళ్ళ దగ్గర పెట్టాడు. గేరు మొరిగింది. "అటు కాదురా ఎదవా! నీ వైపుకి లాగి కిందికి!" అని లక్ష్ముడు గంగులు లాగే అరిచాడు. జగన్నాధం లాగాడు. వాన మళ్ళీ అందుకుంది. పగిలిన అద్దంలోంచి గాలీ వానా మొహాన కొడుతున్నాయి. చేతి పోటుకి లక్ష్ముడికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. తల స్టీరింగు మీదికి వాలిపోయినప్పుడల్లా జగన్నాధం చెంప మీద కొట్టి లేపాడు. కొట్టీ కొట్టీ వాడే ఏడవడం మొదలుపెట్టాడు. "పడిపోకురా. మా అయ్య సచ్చిపోతాడు, పడిపోకురా" అన్నాడు. ఇద్దరూ కలిసి అలా ఆ లారీని శ్రీకాకుళం ఆసుపత్రి వాకిట్లోకి తెచ్చారు. ఇంజను ఆపడం లక్ష్ముడికి గుర్తుంది. తర్వాత ఏమైందో గుర్తులేదు.

సూరయ్య బతికాడు. కాలు మోకాలి పై దాకా తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే శవాన్నే దింపుకునేవాళ్ళమని డాక్టరు అందరికీ వినబడేలా అన్నాడు. లక్ష్ముడి ఎడమ చేతి రెండు వేళ్ళు తీసేశారు. మిగతావి కట్టు కట్టారు. ఇద్దరినీ ఒకే వార్డులో, పక్కపక్క మంచాల మీద పడేశారు.

కూర్మమ్మ పరుగున వచ్చి, కొడుకుని చూసి, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పక్క మంచం దగ్గరికెళ్ళి, "నా కొడుకు తిప్పుకొచ్చినాడయ్యా. ఒగ్గీసి పోనేదు" అంది. గర్వం ఆవిడ దాచుకోలేదు.

సూరయ్య కళ్ళు తెరిచి, "ఎద్దు పోనాది. కాలు పోనాది. తిప్పుకొచ్చినాడని దండం పెట్టమంటావేటి?" అన్నాడు. న్యాయమే కదా. జగ్గమ్మ మాత్రం ఆ సాయంత్రం గంజి కాచి తెచ్చి, మొగుడికి పోసి, మిగిలింది లక్ష్ముడి మంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

కట్లు విప్పే రోజుకి షావుకారు నరసింగరావు వచ్చాడు. ఎర్రన్న కూడా బావమరిదిని ఇంటికి తీసుకుపోదామని వచ్చి కూర్మమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. షావుకారు పగిలిన అద్దం గురించీ, సొట్టపోయిన తలుపు గురించీ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టడం అయ్యాక మంచం మీద కూర్చున్నాడు.

"ఒరే, ఒంటి చేత్తో లోడు బండి తోలినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. గంగులు కూడా తోలలేడు. మూడు వేళ్ళున్నా గేరు పడుతుంది, పట్టించుకోను. లారీ నీకే ఇస్తాను. కాని ఒక్కటి అడుగుతాను, మీ అమ్మ ముందే చెప్పు. మళ్ళీ ఎవణ్ణన్నా గుద్దావనుకో. ఆగుతావా?"

వార్డంతా వింటోంది. లక్ష్ముడు తన చెయ్యి చూసుకున్నాడు. ఎవరికీ చెప్పని సంగతి వాడి లోపల ఒకటుంది. ఆ ఊరివాళ్ళ కాళ్ళ కింద పడి ఉన్నప్పుడు, గడ్డి కట్ట అంటుకున్నప్పుడు, వాడి బుర్రలో తిరిగింది ఒక్కటే మాట. గంగులు చెప్పినట్టు పోవలసింది, పోవలసింది, పోవలసింది. ముసలాడి తల గుర్తుకు రాలేదు. ఇప్పుడు తలచుకుందామన్నా రావడం లేదు. వస్తున్నది బండి గుంజ చప్పుడు.

"ఆగనండి" అన్నాడు.

"అదీ మాట!" అని షావుకారు భుజం తట్టి, నయమవగానే రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

కూర్మమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

"ఉజ్జోగం కోసం అలగన్నానే అమ్మా" అన్నాడు లక్ష్ముడు.

"అబద్దమైతే నీ మొకం అలగుండదురా" అంది ఆవిడ. అల్లుడి వైపు తిరిగి, "ఎర్రన్నా, తెప్పకి ఇంకో మడిసిని సూసుకో నాయనా. ఈడింక మనకి పనికిరాడు" అంది. గంప ఎత్తుకుని నడిచింది. ఎర్రన్న ఆవిడ వెనకే వెళ్ళాడు.

లక్ష్ముడు బాగున్న చేత్తో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. దెబ్బలకి ఏడవనివాడు అప్పుడేడ్చాడు.

పక్క మంచం మీద సూరయ్య అంతా విన్నాడు. గుమ్మంలో నిలబడ్డ కొడుకుని దగ్గరికి పిలిచాడు.

"ఒరే జగన్నాదం, ఊరికెల్లి మనోల్లకి సెప్పు. రోడ్డు సూసుకుని దాటమను. ఈడింక ఆగడు" అన్నాడు.